అంగ్‌కోర్: కట్టిన వరసలో చూస్తే

కంబోడియాలోని సియెమ్ రీప్ వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లలో ఫొటోలు దాదాపు ఒకే వరసలో ఉంటాయి. ముందు అంగ్‌కోర్ వాట్ సూర్యోదయం, తర్వాత చెట్టు వేళ్లు కమ్మేసిన గోడ, ఆ తర్వాత నవ్వు మొహాల గోపురాలు. అక్కణ్నుంచి ఏ ఫొటో ఏ గుడిదో తీసినవాళ్లకే గుర్తుండదు. తప్పు వాళ్లది కాదు, ప్యాకేజీ వరసది. మొదటి పూటే అన్నిటికన్నా పెద్దది చూపించేస్తే, మిగతావన్నీ కూలిన రాళ్లకుప్పల్లాగే కనిపిస్తాయి. ఖ్మేర్ (కంబోడియా) రాజుల పాత రాజధాని అంగ్‌కోర్‌లోని ఈ గుళ్లు మూడొందల ఏళ్లకు పైగా, ఒక గుడిలో చేసిన ప్రయోగం తర్వాతి గుడికి పాఠమవుతూ లేచినవి. కట్టిన వరసలోనే చూసుకుంటూ వెళ్తే తిరిగొచ్చాక కూడా ఒక్కోటీ విడివిడిగా గుర్తుంటాయి. కింది కార్యక్రమం దాదాపు ఆ లెక్కన వేసింది.

బయల్దేరే ముందు

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ లేదా కౌలాలంపూర్ మీదుగా వెళ్లడం తేలిక. బ్యాంకాక్‌లో రెండు విమానాశ్రయాలున్నాయని టికెట్ కొనేటప్పుడే గుర్తుపెట్టుకోవాలి. డాన్ మ్యువాంగ్‌లో దిగి, సువర్ణభూమిలో ఎక్కాల్సిన టికెట్లు విడివిడిగా కొంటే, మధ్యలో థాయ్ ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, ఊరి ట్రాఫిక్‌లో పడి వెళ్లాలి. అలా బయటికి రావాలంటే 2025 మే నుంచి థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు కూడా నింపాలి. ఒకప్పుడు బ్యాంకాక్ నుంచి బస్సులో పోయిపెట్ సరిహద్దు దాటేవాళ్లు. 2025లో రెండు దేశాల మధ్య ఘర్షణలు రేగి ఆ దారి మూతపడింది. పాత బ్లాగులు చదివి బస్సు టికెట్ల మీద ఆశలు పెట్టుకోవద్దు.

కంబోడియా పర్యాటక వీసా దిగాక తీసుకుంటే 30 డాలర్లు. ఈ-వీసా అయితే ప్రభుత్వ సైట్లోనే తీసుకోవాలి. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ప్రైవేటు సైట్లు ఊరికే ఎక్కువ గుంజుతాయి. ఈ-అరైవల్ కార్డు ఉచితం, ప్రయాణానికి ముందు ఏడు రోజుల్లోపు నింపాలి.

కంబోడియా అనగానే ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడతారు. అందుకు కారణం లేకపోలేదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లి, సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కిన తెలుగు కుర్రాళ్ల కథలు 2024లో విశాఖ నుంచి బయటికొచ్చాయి. గుళ్లు చూడ్డానికి వెళ్లి రావడం వేరు, ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి ఉద్యోగానికి వెళ్లడం వేరు. రెండోదాని జోలికి పోవద్దు.

డబ్బు డాలర్లలోనే నడుస్తుంది. చిల్లర మాత్రం రియల్‌లో ఇస్తారు, డాలరుకు సుమారు 4,000. ఇక్కడొక తిరకాసు ఉంది. కాస్త చిరిగినా, సిరా మరక ఉన్నా డాలరు నోటు ఎవరూ తీసుకోరు. చిల్లరగా అలాంటి నోటు మీ చేతికొస్తే అక్కడికక్కడే వెనక్కివ్వండి. వంద డాలర్ల నోటు మార్చడం కష్టం. ఇక్కణ్నుంచే ఒకట్లు, ఐదులు, పదులు ఎక్కువ తీసుకెళ్లాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. ఏప్రిల్ ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు, పైగా తేమ.

మొదటి రోజు: చేరడం, టికెట్, ప్రే రూప్

2023 అక్టోబరులో తెరిచిన కొత్త విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్ల పైన ఉంది. గంట ప్రయాణం. షటిల్ బస్సు ఉంది కానీ నలుగురుంటే ట్యాక్సీయే నయం. పాత విమానాశ్రయం ఊరి పక్కనే ఉండేది. హోటళ్ల సైట్లలో ‘ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు’ అన్న మాట ఇంకా కనిపిస్తే అది పాత లెక్క.

మధ్యాహ్నానికి దిగితే సాయంత్రం చేయాల్సిన పని ఒక్కటే, టికెట్ కొనడం. గుళ్ల దగ్గర టికెట్లు అమ్మరు. ఊరి నుంచి గుళ్లవైపు వెళ్లే దారిలో ప్రత్యేకంగా టికెట్ కేంద్రం ఉంది. అక్కడే ఫొటో తీసి టికెట్ మీద ముద్రిస్తారు. ఒక రోజుకు 37, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72 డాలర్లు. మూడు రోజుల టికెట్‌ను పది రోజుల్లో, ఏడు రోజుల టికెట్‌ను నెలలో ఎప్పుడైనా వాడుకోవచ్చు, వరసగా తిరగాల్సిన పనిలేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఉచితం, వయసు రుజువుకు పాస్‌పోర్టు చూపాలి. ఈ కార్యక్రమానికి నాలుగు రోజులు కావాలి కాబట్టి ఏడు రోజుల టికెట్టే తీసుకోవాలి. పది డాలర్లకు కక్కుర్తిపడి మూడు రోజుల్లో కుక్కితే ఎండలో నడిచి నడిచి మూడో రోజుకు గుడంటేనే విసుగొస్తుంది.

సాయంత్రం 5 దాటాక కొన్న టికెట్ మర్నాటి నుంచి లెక్కలోకి వస్తుంది, కానీ ఆ సాయంత్రం సూర్యాస్తమయం చూడనిస్తారు. కౌంటరు 5.30కి మూసేస్తారు, మీకు ఉండేది ఆ అరగంటే. అందరూ నమ్ బాఖెంగ్ కొండకు పరిగెడతారు. అక్కడ పైకి ఒకసారికి 300 మందినే ఎక్కనిస్తారు, ఈ టికెట్ పట్టుకుని వెళ్లేసరికి క్యూ ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. దానికి బదులు ప్రే రూప్‌కు వెళ్లండి. పదో శతాబ్దంలో రాజేంద్రవర్మ కట్టించిన ఇటుక గోపురాలు, ఎర్రటి లాటరైట్ రాతి మెట్లు సంజ వెలుగులో కాలిన మట్టి రంగుకు తిరుగుతాయి. మెట్లు నిట్టనిలువు, ఒక్కో మెట్టూ ఎత్తు. చీకటి పడకముందే దిగడం మంచిది.

రెండో రోజు: రొలువోస్, టోన్లే సాప్

ఊరికి తూర్పున 13 కిలోమీటర్లలో రొలువోస్ గుళ్లున్నాయి. ప్యాకేజీల్లో వీటికి చోటుండదు. కథ మొదలయ్యేది మాత్రం ఇక్కడే. ప్రియా కో, బాకాంగ్, లోలే, మూడూ తొమ్మిదో శతాబ్దం చివర్లో ఇరవై ఏళ్లలోపు కట్టినవే. ప్రియా కోలో తన పూర్వీకుల కోసం ఇంద్రవర్మ ఆరు ఇటుక గోపురాలు కట్టించాడు. ఎదురుగా మూడు నందులున్నాయి. ఇటుకల మీద గచ్చు పూసి, ఆ గచ్చులో శిల్పం చెక్కారు. అది అక్కడక్కడా ఇంకా నిలిచి ఉంది. దగ్గరికెళ్లి గచ్చు ఊడినచోట చూడండి, పూత పట్టుకోవడానికి ఇటుకల్ని ముందే గంట్లు పెట్టి గరుకు చేసిన ఆనవాళ్లు కనిపిస్తాయి.

అక్కణ్నుంచి బాకాంగ్ నడక దూరం. ఐదు అంతస్తుల రాతి మేరువు, చుట్టూ కందకం. గుడి అంటే కొండ, కొండ చుట్టూ సముద్రం అన్న ఆలోచన ఇక్కడ మొదటిసారి పెద్ద ఎత్తున రాతిలోకి వచ్చింది. నాలుగో రోజు అంగ్‌కోర్ వాట్ కందకం దాటేటప్పుడు ఇది గుర్తురావాలి. లోలేలో ద్వారబంధాల మీది శాసనాలు చూడండి. ఆ లిపి దక్షిణ భారత బ్రాహ్మీ కుదురు నుంచి వెళ్లిందే, మన లిపికి దూరపు చుట్టం.

మధ్యాహ్నం కంపోంగ్ ఫ్లూక్. టోన్లే సాప్ సరస్సు దగ్గర నిలువెత్తు గుంజల మీద ఇళ్లు కట్టుకున్న ఊరు. పడవ టికెట్ విడిగా కొనాలి. ఆగస్టు నుంచి జనవరి దాకా వెళ్తే నీళ్లు ఇంటి గడప దాకా ఉంటాయి. మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే బురదలో నిలబడ్డ గుంజలే కనిపిస్తాయి, పడవ కూడా సరిగా నడవదు. వర్షాకాలంలో మెకాంగ్ నది పొంగి, సరస్సు నుంచి వచ్చే టోన్లే సాప్ నదిని వెనక్కి తోస్తుంది. నది ప్రవాహం తిరగబడి సరస్సులోకి పారుతుంది, సరస్సు నాలుగైదింతలవుతుంది. వాన తగ్గాక మళ్లీ ముందుకు పారుతుంది. ఇన్ని వేలమంది కూలీలకు, ఇన్ని గుళ్లకు తిండి ఎక్కణ్నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఈ చేపలూ, ఈ ఒండ్రులో పండిన వరీ పెద్ద జవాబు. పడవవాళ్లు మధ్యలో బడి దగ్గర ఆపి, పిల్లల కోసం నోటు పుస్తకాలో బియ్యమో కొనమంటారు. పక్క కొట్లో బజారు ధరకు రెండు మూడింతలు చెప్తారు. మొహమాటపడనక్కర్లేదు.

మూడో రోజు: బాంటే స్రే, కబాల్ స్పియన్

ఊరి నుంచి బాంటే స్రే దాదాపు 37 కిలోమీటర్లు, టుక్‌టుక్‌లో గంట పైనే. ఉదయం ఆరున్నరకల్లా బయల్దేరాలి. గుడి ముఖం తూర్పు. ఎండ నిటారుగా లేవకముందు వచ్చే ఏటవాలు వెలుగులోనే ఈ ఎర్ర ఇసుకరాయి చెక్కడం లోతు తెలుస్తుంది. పది దాటితే అదే శిల్పం చదునుగా కనిపిస్తుంది, బస్సులూ వచ్చేస్తాయి.

ఇది రాజు కట్టించింది కాదు. యజ్ఞవరాహుడనే రాజగురువు కట్టించాడు, ప్రతిష్ఠ 967లో. అంతా చిన్నది. గర్భగుడి గుమ్మాలు మనిషి నడుము కన్నా కాస్త ఎత్తు, అంతే. లోపలి గోపురాల దగ్గరికి వెళ్లకుండా తాడు కట్టారు, అందుకని జూమ్ ఉన్న కెమెరాయో చిన్న బైనాక్యులరో ఉంటే మంచిది.

గైడు లేకపోయినా తెలుగువాళ్లు ఇక్కడ తడుముకోరు. దక్షిణపు మండపం తూర్పు ముఖాన పది తలల రావణుడు కైలాసాన్ని కుదుపుతున్నాడు. ఏనుగులు, సింహాలు బెదిరి పారిపోతున్నాయి. పార్వతి శివుణ్ని గట్టిగా పట్టుకుంది, శివుడు మాత్రం కాలితో కొండను అదిమిపెట్టి నిదానంగా కూర్చున్నాడు. అదే మండపం పడమటి ముఖాన చెరుకు విల్లు ఎక్కుపెట్టిన మన్మథుడు. ఉత్తరపు మండపం తూర్పున ఖాండవ దహనం. పైన ఐరావతం మీద ఇంద్రుడు, ఏటవాలు గీతలుగా వాన, దాని కింద అడ్డంగా బాణాల పందిరి. ఒక్క రాయిలో కురుస్తున్న వానను, ఆగిపోయిన వానను రెండింటినీ చూపించారు. ఉదయం వెలుగు పడేది రావణుడి మీదా, ఈ వాన మీదానే, ముందు ఇవి చూసి పడమటి వైపు తర్వాత వెళ్లండి. సుందోపసుందుల శిల్పం కోసం వెతక్కండి, అది పారిస్‌లోని గీమే మ్యూజియంలో ఉంది.

ఇంకో 12 కిలోమీటర్లు వెళ్తే కబాల్ స్పియన్. బండి దిగాక అడవిలో కిలోమీటరున్నర ఎక్కాలి, వేళ్లూ బండలూ తగులుతుంటాయి, చెప్పులతో కాదు. పైన ఏటి అడుగు రాతిలో వరసలు వరసలుగా శివలింగాలు చెక్కారు. వాటి మీదుగా పారిన నీరు పవిత్రమై కింది పొలాలకు చేరాలన్నది ఉద్దేశం. శేషశయనుడు కూడా నీళ్లలోనే పడుకున్నాడు. వర్షాకాలం చివర్లో నీరు ఎక్కువై లింగాలు మునిగిపోవచ్చు, ఎండాకాలంలో ఏరే ఉండదు. డిసెంబరు, జనవరి సరైన కాలం. మధ్యాహ్నం 3 తర్వాత పైకి వదలరు. బాట తప్పి అడవిలోకి వెళ్లొద్దు. ఈ దేశంలో మందుపాతరల పని ఇంకా పూర్తి కాలేదు. దారిలోనే ల్యాండ్‌మైన్ మ్యూజియం ఉంది, అరగంట ఆగితే ఈ హెచ్చరిక ఎందుకో అర్థమవుతుంది.

తిరుగుదారిలో ప్రియా డాక్ ఊరి పక్కన రోడ్డుమీదే తాటిబెల్లం వండుతుంటారు. తాటిచెట్టు కంబోడియా జాతీయ వృక్షం. మట్టిపొయ్యి మీద వెడల్పాటి మూకుడులో తాటి నీరా గంటల తరబడి మరిగి, బుడగలు చిక్కబడి, రంగు తేనెకు తిరిగాక దించి, గట్టిపడేదాకా కలుపుతారు. తాటాకుతో చుట్టిన చిన్న చక్రాల్లో పోసి బిళ్లలు తీస్తారు. మన గోదావరి జిల్లాల తాటిబెల్లం కన్నా రంగు లేత, వాసన తక్కువ. కొనేముందు ఒక ముక్క విరిచి చూడండి, లోపల జిగురుగా ఉంటే ఇంటికొచ్చేలోగా కరిగి సంచికి అంటుకుంటుంది.

నాలుగో రోజు: అంగ్‌కోర్ వాట్, రెండు పూటలు

గేటు ఉదయం 5కి తీస్తారు. ఊరి నుంచి నాలుగున్నరకు బయల్దేరాలి, టార్చి తప్పనిసరి. గుడి ముఖం పడమర, కాబట్టి సూర్యుడు గుడి వెనక లేస్తాడు. నడిదారి మీద నిలబడితే మూడు గోపురాలే కనిపిస్తాయి, ఐదూ కనపడాలంటే పక్కకు జరగాలి. అందుకే జనమంతా లోపలికి వెళ్తుంటే ఎడమవైపు పడే కొలను గట్టున గుమిగూడతారు. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సూర్యుడు సరిగ్గా నడి గోపురం మీద నిలుస్తాడు.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. ఆరున్నర, ఏడుకల్లా జనం టిఫిన్లకు వెనక్కి మళ్లుతారు. మీరు మాత్రం ఆగకుండా గుడి దాటుకుని తూర్పు వసారాకు వెళ్లండి. అప్పుడు ఎండ నేరుగా క్షీరసాగర మథనం మీద పడుతుంది, చూసేవాళ్లు పదిమంది కూడా ఉండరు. 49 మీటర్ల పొడవున ఒకే శిల్పం. ఎడమపక్క 92 మంది అసురులు, కుడిపక్క 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, కింద కూర్మం. దూరం నుంచి అందరూ ఒకేలా ఉన్నారనిపిస్తుంది. దగ్గరికెళ్తే అసురుల కళ్లు గుండ్రంగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, దేవతల కళ్లు కోలగా ఉంటాయి. దేవతల కిరీటాలు కోసుగా, అసురులవి శిరస్త్రాణాల్లా ఉంటాయి. కింద సముద్రంలో చేపలు, మొసళ్లు చివర్లలో మామూలుగా ఈదుతుంటే, కవ్వం దగ్గరికి వచ్చేకొద్దీ సుడికి తెగి ముక్కలైపోయాయి. వాసుకి తోక చివర పట్టుకున్నది కోతి మొహం. మన కథలో హనుమంతుడికి ఇక్కడ పని లేదు, ఖ్మేర్ శిల్పి మాత్రం పిలిచి నిలబెట్టాడు.

ఏడున్నర దాటాక పై అంతస్తు, బాకాన్, తెరుస్తారు. ఒకసారికి వంద మందినే పంపుతారు, ఆలస్యం చేస్తే గంట క్యూ. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. పైన కండువా వేసుకుంటే చాలదంటారు, చేతుల చొక్కాయే ఉండాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం లేదు, ఇంట్లోవాళ్లు వంతులవారీగా ఎక్కాలి. బౌద్ధుల పర్వదినాల్లో పూర్తిగా మూసేస్తారు. అవి అష్టమి, పౌర్ణమి, అమావాస్యల లెక్కనే వస్తాయి, కాబట్టి మన క్యాలెండర్ చూసుకుని ఒక రోజు అటూఇటూగా తప్పించుకోవచ్చు.

పదింటికి హోటల్‌కు వెళ్లి పడుకోండి. మళ్లీ మూడింటికి రండి, టికెట్ అదే. ఇప్పుడు వెలుగు పడమటి వసారాలో ఉంటుంది. కుడివైపు తిరిగితే కురుక్షేత్రం. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు నడిచొచ్చి నడిమధ్యన ఒకరిలో ఒకరు కలిసిపోతారు. కౌరవుల వైపు అంపశయ్య మీద భీష్ముణ్ని వెతికి పట్టుకోండి. వందల ఏళ్లుగా చేతులు తగిలి కొన్ని బొమ్మలు నల్లగా నునుపెక్కాయి. మీ చెయ్యి కూడా కలపొద్దు. మలుపు తిరిగితే దక్షిణ వసారాలో గొడుగుల కింద ఈ గుడి కట్టించిన రాజు రెండో సూర్యవర్మ కొలువు, ఆ తర్వాత దున్నపోతు మీద యముడు, చిత్రగుప్తుడు, పాపుల్ని జుట్టు పట్టి ఈడ్చే భటులు. ఏ నరకం ఏ పాపానికో శాసనంలో పేర్లు రాసి పెట్టారు.

ఇలా నడిస్తే గుడి మీకు ఎడమచేతి వైపు ఉంటుంది, అంటే అప్రదక్షిణం. శిల్పాల వరసే అలా సాగుతుంది. గుడి ముఖం పడమర, నడక అపసవ్యం, ఈ రెండూ చూసి ఇది రెండో సూర్యవర్మ అంత్యక్రియల కోసం ఉద్దేశించిందని కొందరు పండితులు అంటారు. నడుస్తూ చూసినవాళ్లకు ఆ వాదన కొట్టిపారేయాలనిపించదు.

ఐదో రోజు: అంగ్‌కోర్ థోమ్, తా ప్రోమ్

అంగ్‌కోర్ థోమ్ అంటే చుట్టూ గోడ ఉన్న పాత రాజధాని నగరం. దాని దక్షిణ ద్వారం దగ్గర బండి దిగి నడవండి. వంతెనకు అటు 54 మంది దేవతలు, ఇటు 54 మంది అసురులు పామును పట్టుకుని ఉంటారు. నిన్న గోడ మీద చూసిన మథనమే ఇక్కడ రోడ్డంత పెద్దదైంది. కొన్ని తలలు కొత్తగా, తేలిక రంగులో ఉంటాయి, పోయినవాటి స్థానంలో పెట్టిన నకళ్లు.

నగరం నడిమధ్యన ఉన్న బయోన్ గుడిలో అందరూ తల పైకెత్తి గోపురాల మీది మొహాలే చూస్తారు. మొహాలు సరే, బయటి గోడ కింది వరసలు వదలొద్దు. తూర్పు గుమ్మం నుంచి ఎడమకు తిరిగి నడవండి. ఇక్కడ గుడి కుడిచేతికి వస్తుంది, ఇది మన ప్రదక్షిణమే. పొరుగు చంపా రాజ్యపు చామ్ సేనతో పడవ యుద్ధం పైన సాగుతుంటే, కింద కోడిపందెం, పేలు చూసే ఆడవాళ్లు, పుల్లకు గుచ్చి కాల్చే మాంసం, ప్రసవం. పందెంరాయుళ్ల మొహాల్లో ఆత్రం చూస్తే భీమవరం గుర్తొస్తుంది.

పక్కనే బాపువోన్. పదకొండో శతాబ్దపు ఈ గుడి కూలిపోతుంటే ఫ్రెంచివాళ్లు 1960లో రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, చుట్టూ పరిచారు. మూడు లక్షల రాళ్లు. అంతలో అంతర్యుద్ధం వచ్చింది, కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ పాలనా కాలంలో ఆ నంబర్ల చిట్టా నాశనమైంది. 1995లో మళ్లీ మొదలుపెట్టి, ఏ రాయి పక్కన ఏది అతుకుతుందో చూసుకుంటూ 2011కి పూర్తి చేశారు. ఇక్కడి రాళ్ల మధ్య సున్నం లేదు, ఒక్కో రాయి ఒక్కచోటే సరిగ్గా కూర్చుంటుంది, అందుకే సాధ్యమైంది. పడమటి వైపు వెళ్తే గోడ పొడవునా పడుకున్న బుద్ధుడున్నాడు, చెబితే తప్ప కనపడడు.

తా ప్రోమ్‌ను సాయంత్రం నాలుగు తర్వాతకు పెట్టుకోండి. దీన్ని రాజు ఏడో జయవర్మ తన తల్లి పేరిట 1186లో కట్టించాడు. శాసనం ప్రకారం లోపల 12,640 మంది ఉండేవారు, అందులో 615 మంది నర్తకులు. ఇక్కడ మరమ్మతులు చేస్తున్నది మన పురావస్తు శాఖే. ఆ పని పైకి కనిపించినంత తేలిక కాదు. చెట్టు తీస్తే గోడ కూలుతుంది, ఉంచితే వేరు లావెక్కి రాళ్లను విడదీస్తుంది. అందుకే అక్కడక్కడా ఇనుప ఊతాలు కనిపిస్తాయి. ఇదే శాఖ 1986 నుంచి 1993 దాకా అంగ్‌కోర్ వాట్‌లో చేసిన రసాయన శుభ్రత మీద విమర్శలూ వచ్చాయి. మిగతా దేశాలు అడుగుపెట్టడానికి జంకిన కాలంలో వెళ్లి పనిచేశారన్న సంగతి కూడా ఆ విమర్శల పక్కనే పెట్టి చూడాలి.

శాకాహారులకు ఒక మాట. కూరగాయల వేపుడు అన్నా ఫిష్ సాస్ పడుతుంది, వంటవాళ్ల లెక్కలో అది ఉప్పు లాంటిది. ‘మాంసం వద్దు’ అంటే చాలదు, ఫిష్ సాస్ వద్దని విడిగా చెప్పాలి. ఊళ్లో భారతీయ హోటళ్లున్నాయి, గుళ్ల దగ్గర లేవు. మధ్యాహ్నానికి కొబ్బరిబోండాం, అరటిపళ్లు, వెంట తెచ్చుకున్న పొడి కలిపిన అన్నం చాలు.

ఆరో రోజు: తిరుగు ప్రయాణం

విమానానికి నాలుగు గంటల ముందు హోటల్ వదలాలి. రియల్ నోట్లు దేశం దాటితే ఎక్కడా మారవు, మిగిలినవి టుక్‌టుక్ అతని లెక్క తీర్చేటప్పుడు ఇచ్చేయండి. తాటిబెల్లం చెక్-ఇన్ సామానులో, రెండు పొరల ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. రాయి, కంచు బొమ్మలు కొంటే రసీదు దగ్గరుంచుకోండి, పాతవని చెప్పి అమ్మేవాటిని అసలు ముట్టుకోవద్దు. నిజంగా పాతవైతే దేశం దాటించడం నేరం, కాకపోతే మీరు మోసపోయినట్టు.